మరియమాతకు మొక్కిన చీర

ఆ చీర మా చెల్లెలిది కాదని నాకు తెలిసేసరికి, దాన్ని తన ఒంటికి చుట్టి చితి మీదికి పంపేసి రెండు నెలలు దాటింది.

మే నెలాఖరు రోజులు. రామచంద్రపురంలో మా స్కూలుకి వేసవి సెలవులిచ్చారు. నేను రాజమండ్రిలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. మరిది బ్యాంకుకి వెళ్లాలి, పాప ఎంట్రన్సు కోచింగుకి వెళ్లాలి, ఇద్దరికీ వేళకి ఇంత అన్నం వండిపెట్టే దిక్కు లేదు. పాప అంటే మా చెల్లెలి ఒక్కగానొక్క కూతురు. మార్చిలో ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసింది. చెల్లెలి ఫోను ఇంకా ఎవరం ఆపించలేదు. పాప దానికి రోజూ చార్జింగు పెడుతుంది, ఎందుకని నేనూ అడగలేదు. ఒక మధ్యాహ్నం అది మోగింది. పాప ఎత్తి, కాసేపు విని, మాట్లాడకుండా తెచ్చి నా చేతిలో పెట్టింది.

అవతల ఎవరో ఆడమనిషి. అమ్మగారికి ఒంట్లో ఎలా ఉందండి, మార్చి మొదట్లో మాట్లాడారు, మళ్లీ ఫోను లేదు, వానలు పడితే కొండ మెట్లు జారతాయి, ఈలోపే చీర ఇచ్చేసి వద్దామా అని అడిగింది. ఏ కొండ, ఎవరి చీర అన్నాను. గౌరీపట్నం కొండండి, మరియమాత చీరండి అంది. ఆవిడ జనాన్ని కారులో ఆ కొండకి తీసుకెళ్లి, దగ్గరుండి అన్నీ చూపించి, ప్రార్థనలు చెప్పించి, సాయంత్రానికి ఇంటి దగ్గర దింపుతుందట. ఫిబ్రవరిలో అమ్మగారు ఒక్కరే తనతో వచ్చి, ఉప్పాడ చీర పెడతానని మొక్కుకున్నారట. చీర కొనేశాను, రెండు కొవ్వొత్తులు కూడా చీరతోపాటే కవర్లో పెట్టి బీరువాలో దాచాను అని ఆ తర్వాత ఫోనులో చెప్పారట.

రెండు కొవ్వొత్తులు అనగానే ఆ చీర ఏదో నాకు తెలిసిపోయింది. పక్కనే ఉన్న మంచం మీద కూర్చున్నాను.

పిల్లలకి అబద్ధమాడకండని చెప్పి ముప్ఫై ఏళ్లుగా జీతం తీసుకుంటున్నదాన్ని. మా చెల్లెలు మార్చిలో పోయిందండీ అని చెప్పాను. అవతల ఏదో ప్రార్థన సన్నగా వినిపించింది. తర్వాత, చీర ఇంట్లో భద్రంగా ఉంది, నేనే తెచ్చి ఇస్తాను అని కూడా చెప్పాను. పాప గుమ్మంలో నిలబడి ఎవరు పెద్దమ్మా అని అడిగితే, మీ అమ్మ ఫ్రెండు అన్నాను.

మా వాళ్లలో పుణ్యస్త్రీగా పోయిన ఆడదానికి పుట్టింటివాళ్లు కొత్త చీర తేవాలి. స్నానం చేయించి, పసుపు రాసి, ఆ చీర కట్టాకే ఇంట్లోంచి కదిలిస్తారు. మాకు అమ్మా నాన్నా లేరు, అన్నదమ్ములు లేరు. మా చెల్లెలికి పుట్టిల్లంటే నేనే. తను తెల్లవారుజామున పోయింది. పురోహితుడు గారు వర్జ్యం చూసి, తొమ్మిదిలోపు తీసుకెళ్లిపోవాలి అన్నారు. ఆ వేళకి రాజమండ్రిలో ఏ బట్టల కొట్టు తెరుస్తారు? నేను చూస్తే రెండు వారాల పైనుంచీ రెండు పాత చీరలతో అక్కడే పడి ఉన్నాను. పుట్టింటి చీర లేకుండా చెల్లెల్ని సాగనంపిందిట అని రేపు నలుగురూ అనుకుంటారన్న ఊహకే నాకు ఒళ్లు మండింది.

బీరువా తెరిచాను. అడుగు అరలో, పాత పట్టుచీరల కింద, మడత విప్పని ఉప్పాడ చీర కవర్లో కనబడింది. లేత నీలం, సన్నటి జరీ అంచు, ఒంటినిండా చిన్న చిన్న పువ్వులు. దానితోపాటు రెండు తెల్ల కొవ్వొత్తులు. కరెంటు పోతే ఉంటాయని పెట్టుకుందనుకుని వాటిని తీసి వంటింటి అలమరలో పడేశాను. నా చేత్తో ఇస్తే అదే పుట్టింటి చీర, ఎంత మంచి పని చేసి పెట్టావే తల్లీ అని కూడా అనుకున్నాను. మా పిన్ని చూసి, ఇంత మంచి చీర నిప్పులపాలు చెయ్యడమెందుకే, పాపకి ఉంచి ఇంకేదైనా మామూలుది చూడు అంది. ఆవిడ మీద ఇంతెత్తున లేచాను. నా చెల్లెలికి నేను తక్కువ చీర కట్టను, చూడలేకపోతే కళ్లు మూసుకోండి అన్నాను. పెద్దావిడ, పాపం నోరు మూసుకుంది. కొత్త చీర కదా, కుచ్చిళ్లు నిలవక రెండుసార్లు సర్దాను.

ఆ కొవ్వొత్తులు పదో రోజు లోపే వెలిగించాం. కరెంటు పోయింది. పాప ఆ వెలుతురులోనే అన్నం తింది.

ఈ తప్పు ఆ ఒక్క పొద్దుటి తొందరలో జరిగిపోయిందని చెప్పుకుంటే నాకు సుఖంగానే ఉంటుంది. కానీ దానికి అంతకు ముందు ఆరు నెలల నుంచీ నేనే దారి చేస్తూ వచ్చాను. మా చెల్లెలి జబ్బు కిందటి సెప్టెంబరులో బయటపడింది. కడుపులో గడ్డ, అప్పటికే పాకిపోయిందన్నారు. ఆ రోజు నుంచీ ఆ ఇంటికి నేను హెడ్మిస్ట్రెస్‌ని అయిపోయాను. రిపోర్టులన్నీ తారీఖుల వారీగా ఫైలు కట్టాను. మందుల టైంటేబుల్ రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ప్రతి శనివారం బస్సు దిగి వచ్చి తనిఖీ చేసేదాన్ని. ఒక పూట మాత్ర మరిచిపోతే మరిదికి కూడా చీవాట్లే, ఆయన తల వంచుకుని వినేవాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు. ఆ ఇంట్లో ఎవరూ చావు మాట ఎత్తకూడదని రూలు పెట్టాను. తగ్గుతుంది, తగ్గి తీరాలి, అంతే. గట్టిగా కసిరితే జబ్బు కూడా భయపడి పోతుందని నమ్మానేమో, ఇప్పుడు తలుచుకుంటే అలాగే ఉంది.

మార్చి మొదటి ఆదివారం తనకి జావ కాచి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"అక్కా, ఒకసారి బీరువా దగ్గరికి రా. ఏది ఎక్కడుందో చూపిస్తాను" అంది.

ఆ మాట ఎక్కడికి దారి తీస్తుందో నాకు తెలుసు. ముందు ఆ జావ పూర్తిగా తాగు, బీరువా ఎక్కడికీ పారిపోదు అని కసిరాను. తను అప్పటికే మంచం పట్టె పట్టుకుని లేవబోతోంది. కూర్చోమన్నాను, కూర్చుంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. చిన్నప్పటి నుంచీ అంతే, ఒకసారి కసిరితే రెండోసారి అడగదు. అడగందే అమ్మయినా పెట్టదే పిచ్చిదానా అని మా అమ్మ ఎన్నిసార్లు అందో దాన్ని. పండగ పూట ఇంకో బూరె కావాలన్నా నోరు విప్పేది కాదు, నా కంచం వంక చూసేది. నేను విసుక్కుంటూ నాది తీసి దాని కంచంలో వేసేదాన్ని. ఆ ఆదివారం కూడా అలాగే నా వంక చూసింది. ఏం కావాలని నేను అడగలేదు.

తర్వాత పాప పరీక్షలు మొదలయ్యాయి. నేను స్కూలుకి సెలవు పెట్టి వచ్చేశాను. ఒక్కో పరీక్షా అయ్యేకొద్దీ మా చెల్లెలు మంచానికి అతుక్కుపోతూ వచ్చింది. చివరిది కెమిస్ట్రీ. ఆ మధ్యాహ్నం పాప ఇంటికి రాగానే ప్రశ్నపత్రం అడిగి తీసుకుంది. పడుకునే కళ్లజోడు పెట్టించుకుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చూసింది. దానికి కెమిస్ట్రీ ఒక్క ముక్క రాదు. తర్వాత పెరుగన్నం అడిగి నాలుగు ముద్దలు తింది. నేను పొంగిపోయాను. చూశావా, ఆకలి పుట్టింది, ఇంకేం, లేచి తిరుగుతావు అన్నాను. నా వంక చూసి నవ్వింది. మూడో రోజు తెల్లవారుజామున పోయింది.

ఫోను వచ్చాక నా కోపం ముందు మరియమాత మీదికి వెళ్లింది. మొక్కించుకుంది గానీ మనిషిని నిలబెట్టలేదు, ఇప్పుడు చీర కావాలా అనుకున్నాను. ఇంట్లో గోడ నిండా దేవుళ్లుండగా ఆ కొండకి పోవాల్సిన అవసరం ఏమొచ్చిందని చెల్లెలి మీదా కోపం వచ్చింది. కోపం ఎంతసేపని ఉంటుంది? అది దిగాక మిగిలింది ఒక్కటే. అమ్మవారికిస్తానన్న చీరని నేను కాల్చాను. ఇచ్చిన మాట తీర్చుకోకుండా మా చెల్లెలు వెళ్లిపోయింది, తీర్చుకోనివ్వనిది నేను. ఏ దేవుడైతేనేం, మొక్కు మొక్కే. తీరని మొక్కులు మనిషి పోయినా వెంట వస్తాయని మా బామ్మ చెప్పేది. చదువుకున్నదాన్ని, ఇలాంటివి నమ్మను అని స్కూల్లో అంటాను. ఆ వారం రోజులూ మాత్రం ఆ మాటే తలుచుకున్నాను. మా చెల్లెలు ఎక్కడో ఒక గుమ్మం దగ్గర ఉత్త చేతులతో నిలబడి, నోరు విప్పకుండా చూస్తున్నట్టు అనిపించేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, ఆ ఆకుల కోసం నేను ఉప్పాడ దాకా వెళ్లాను. సామర్లకోటలో రైలు దిగి, అక్కణ్నించి బస్సులు మారి వెళ్లాను. సముద్రం రోడ్డుని మళ్లీ కోసేసిందని ఆటో అతను ఊళ్లోంచి తిప్పి తీసుకెళ్లాడు. నేతగాడు గుంటమగ్గంలో కూర్చునే, ఎలాంటి నీలం అమ్మా అని అడిగాడు. నాకు చెప్పడం చేతకాలేదు. ఆ చీరని నేను చూసింది ఒక్క పూట. అతని భార్య నీలం నూలు కండెలు అరుగు మీద పరిచింది. వాటిలో ఒకటి చూపించి ఇదే అన్నాను. అదో కాదో నాకే తెలియదు. నేసి ఇవ్వడానికి రెండు నెలలు పడుతుందన్నారు, సరేనన్నాను.

ఆగస్టులో ఒక గురువారం సెలవు పెట్టి, ఫోనులో మాట్లాడిన ఆవిడ కారు కట్టించుకున్నాను. మామూలుగా నలుగురైదుగురు కలిసి వెళతారట. నాకు తోడు ఎవరూ వద్దు, నేనొక్కదాన్నే అన్నాను. ముందు రోజు రాత్రికి మరిది ఇంటికి చేరి, పొద్దున్నే ట్రెయినింగుందని చెప్పి బయటపడ్డాను. ఫిబ్రవరిలో మా చెల్లెలు ఇదే కొండకి స్కానింగని చెప్పి వెళ్లింది. ఆ సాయంత్రం ఫోను చేసి, స్కానింగుకి ఇంతసేపేంటి, ఒక్కదానివే ఎవరు వెళ్లమన్నారు అని తిట్టాను. మిషను దగ్గర రద్దీగా ఉందక్కా అంది. అబద్ధాలాడటం కూడా ఇద్దరికీ ఒకలాగే వచ్చు.

కారు బస్సు కాంప్లెక్సు దగ్గర ఆగి ఉంది. ఆవిడ దిగి నమస్కారం పెట్టింది. యాభై దాటిన మనిషి, గోధుమరంగు చీర, చేతికి జపమాల, చంకలో గొడుగు, ఇంకో చేతిలో స్టీలు క్యారేజీ. గైడమ్మ అని మనసులో పేరు పెట్టేసుకున్నాను. పేర్లు పెట్టడం నా రోగం, మా స్కూల్లో ఎవర్నీ వదల్లేదు. ఆవిడ భర్త ఒక పల్లెలో ఉపదేశి, అంటే ఫాదర్ గారు రాని రోజుల్లో గుడిలో ప్రార్థన చెప్పించే మనిషి. ఆయన పోయాక ఆవిడ ఈ పని పెట్టుకుంది. ఖాళీ రోజుల్లో ఆస్పత్రికి వెళ్లి వార్డుల్లో ఆర్సీఎం వాళ్ల, అంటే కేథలిక్కుల, మంచాల దగ్గర ప్రార్థన చేస్తుంది. అలా ఒక రోజు పక్క మంచం మీదున్న మా చెల్లెలు, నాకూ చెయ్యండి అని అడిగిందట. అడగటం రాని మనిషి అడిగిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

కారు కదిలే ముందు గైడమ్మ ముందు సీట్లో కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. డ్రైవరు కూడా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని తల వంచాడు. తర్వాత ఆవిడ వెనక్కి తిరిగి నాకు పద్ధతులు చెప్పింది. బొట్టు తియ్యక్కర్లేదు. చెప్పులు మాత్రం కొండ కింద వదలాలి. కొబ్బరికాయ కొట్టాలనిపిస్తే కొట్టొచ్చు, చాలామంది కొడతారు. ప్రార్థన నోటికి రాకపోతే ఊరికే నిలబడొచ్చు. మా ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే ఆఫీసర్లకి కూడా ఇంత స్పష్టంగా చెప్పడం రాదు.

చీర చూడొచ్చాండి అని అడిగింది. ఇచ్చాను. మడత విప్పకుండా చేత్తో తడిమి, మూలని పసుపు మరక దగ్గర వేలు ఆపింది. కొత్త బట్టకి పసుపు పెట్టకుండా ఎవరికైనా ఇవ్వడం నాకు చేతకాలేదు. ఇది దోషమా అని అడిగాను. అందరూ పెట్టే తెస్తారండి, ఆ తల్లికి అలవాటేనండి అని చీర తిరిగి నా ఒళ్లో పెట్టింది. ఈ చీర ఆ చీర కాదని చెప్పడానికి అదే సమయం. నేను కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాను.

వంతెన మీదికి ఎక్కాం. గోదావరికి కొత్త నీరొచ్చి, ఈ చివర నుంచి ఆ చివరకి ఎర్రగా పారుతోంది. ఇక్కడ అమ్మగారు అద్దం దించమన్నారండి అని గైడమ్మ తనంతట తనే చెప్పింది. నేనూ అద్దం దించాను. కొవ్వూరు దాటాక కొంత దూరం వరినాట్లు ఊడ్చిన చేలు, ఆ తర్వాత ఎర్రమట్టి మెరక, పొగాకు కాల్చే బేరన్లు. దారిపొడుగునా మా చెల్లెలు ఎక్కడ మంచినీళ్లు తాగింది, ఎక్కడ వాంతి చేసుకుంది, ఎక్కడ కాసేపు నిద్రపోయింది అన్నీ ఆవిడకి గుర్తున్నాయి. మధ్యలో ఒక చోట మొక్కజొన్న పొత్తు కొనుక్కుని, తినలేక వాసన చూసి డ్రైవరుకి ఇచ్చేసిందట. తారీఖుల వారీగా ఫైలు కట్టిన నాకు ఇందులో ఒక్కటీ తెలియదు.

కొండ కింద చెప్పులు విడిచాం. మెట్ల వెంబడి క్రీస్తు సిలువ మోసుకెళ్లిన కథంతా పద్నాలుగు చోట్ల బొమ్మలుగా పెట్టి ఉంది. వాటిని స్థలాలు అంటారు. ఒక్కో స్థలం దగ్గరా గైడమ్మ ఆగి, అక్కడ ఏం జరిగిందో నాలుగు ముక్కల్లో చెప్పి, మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకుని లేస్తుంది. ఆవిడ మోకాళ్లు బాగా లేవు, లేచినప్పుడల్లా గొడుగు కర్ర మీద బరువు వేస్తోంది. నేను మోకరించలేదు, చీర కవరు పట్టుకుని నిలబడ్డాను. మూడోది ఆయన మొదటిసారి పడిపోయిన చోటు. నాలుగోది ఆయనకి తల్లి ఎదురైన చోటు.

అక్కడ ఒక పిట్టగోడ ఉంది. గైడమ్మ ఈసారి మోకరించలేదు. అమ్మగారు ఇక్కడిదాకే ఎక్కారండి, ఆయాసం వచ్చి ఈ గోడ మీద కూర్చుండిపోయారండి అంది. మిగతా పదీ నేను ఇక్కణ్నించే చెప్పానండి అంది. నేను ఆ గోడ వంక చూశాను. సిమెంటు గోడ, ఎండకి పెచ్చులూడి ఉంది. బొమ్మల్లో ఆ తల్లి కొడుకు ముఖం వంక చూస్తోంది. ఇక్కడ తల్లి ఏమీ అనదండి, చూస్తుందంతే అని గైడమ్మ చెప్పింది.

"ఈ చీర అది కాదండి" అన్నాను.

మొదలుపెట్టాక ఆగలేదు. వర్జ్యం, మూసి ఉన్న కొట్లు, బీరువా, మా పిన్ని చెప్పినా వినకపోవడం, కొవ్వొత్తుల్ని అలమరలో పడెయ్యడం, అన్నీ చెప్పేశాను. జావ గ్లాసు సంగతి కూడా చెప్పాను, అది ఆవిడకి అక్కర్లేకపోయినా. గైడమ్మ అంతా విని, తెలిసి చెయ్యలేదు కదండి అంది. అలా తేలిగ్గా తీసెయ్యకండి, నేనేమీ చిన్నపిల్లని కాదు అని ఆవిడ మీద కూడా విరుచుకుపడ్డాను. ఆవిడేమీ అనుకోలేదు. సన్నగా చినుకులు మొదలైతే గొడుగు విప్పి నా మీదికి వంచింది. మిగతా పది స్థలాలూ ఆ ఒక్క గొడుగు కిందే ఎక్కి, దర్శనం చేసుకుని దిగాం.

మొక్కుబడులు తీసుకునే చోట ఒక చిన్న వరస ఉంది. బల్ల వెనక ఒక సిస్టరు, పాతికేళ్లుంటాయేమో, ఒక్కొక్కరికీ చీటీ రాస్తోంది. నా ముందు ఒక కుటుంబం పిల్లవాడి తలనీలాలిచ్చి నున్నటి గుండుతో నిలబెట్టి ఉంది. నా వంతు వచ్చింది. చీర చూసి, చాలా బాగుందండి అని, కలం పట్టుకుని, కృతజ్ఞతా అండి, విన్నపమా అని అడిగింది. తేడా ఏమిటన్నాను. కోరుకున్నది జరిగితే కృతజ్ఞత అని రాస్తామండి, ఇంకా జరగవలసి ఉంటే విన్నపం అని రాస్తామండి అని మర్యాదగానే చెప్పింది.

"మనిషే పోయిందండి. కృతజ్ఞత దేనికి? ఇంక అడగడానికి మాత్రం ఏముంది?" అన్నాను.

నా గొంతు క్లాసురూము గొంతు, ఆ రేకుల షెడ్డు మొత్తం వినబడింది. గుండు పిల్లవాడు తల్లి వెనక్కి వెళ్లాడు. సిస్టరు కలం కింద పెట్టేసింది. గైడమ్మ నా మోచెయ్యి పట్టుకుని స్తంభం పక్కకి తీసుకెళ్లింది.

"మీకు తెలుసనుకున్నానండి. అమ్మగారు బతికించమని మొక్కలేదండి" అంది.

"మరి?"

"పాపగారి ఆఖరి పరీక్ష అయిపోయి, ఆ పిల్ల ఇంటికొచ్చేదాకా ఉంచమన్నారండి. అంతేనండి."

ఆవిడ మెల్లిగా చెప్పుకొచ్చింది. అందరూ ఇక్కడికొచ్చి పూర్తిగా నయం చెయ్యమని అడుగుతారు, నిండు నూరేళ్లు అడుగుతారు, మీరేంటండి ఇంత కొంచెం అడుగుతున్నారు, ఇంకొంచెం అడగండి, తల్లికి లోటేముంది అని తనే చెప్పి చూసిందట. వద్దండి, ఎక్కువడిగితే ఇది కూడా ఇవ్వదేమో అందట మా చెల్లెలు. మధ్యలో పోతే పిల్ల పరీక్ష పాడు చేసుకుంటుంది, సంవత్సరం పోతుంది, ఆ ఒక్కటీ లేకుండా చూస్తే చాలు అందట. అంటే దానికి ఫిబ్రవరిలోనే అంతా తెలుసు. టైంటేబుల్ నేను ఫ్రిజ్ మీద అంటిస్తే, తను ఇంకో టైంటేబుల్ మనసులో పెట్టుకుని ఒక్కో పరీక్షా దాటుకుంటూ వచ్చింది. కెమిస్ట్రీ ప్రశ్నపత్రం ఆ చివరిదాకా ఎందుకు చూసిందో, ఆ తర్వాత ఎందుకు నవ్విందో నాకు అప్పుడు తెలిసింది. నేనేమో పక్కన కూర్చుని, ఇక లేచి తిరుగుతావని చెబుతున్నాను.

ఏడుపు వచ్చింది. నలుగురిలో ఏడవడం నాకు అసహ్యం, అయినా వచ్చింది. చీర తడవకుండా పక్కకి పట్టుకున్నాను.

తిరిగి బల్ల దగ్గరికి వెళ్లి, కృతజ్ఞత అని రాయండమ్మా అన్నాను. సిస్టరు రాసింది. ఎవరి పేరు మీద అంటే మా చెల్లెలి పేరు చెప్పాను. ఆ అమ్మాయి రెండు చేతులతో చీర అందుకుని, వెనక బల్ల మీద మిగతా చీరల మీద పెట్టింది. వాటిలో సగానికి పైగా చీరలకి మూల పసుపు కనబడుతూనే ఉంది. వంతుల ప్రకారం అమ్మవారికి కడతామని చెప్పింది. తల ఊపాను. మొక్కు తీరింది. గుండెల మీంచి బరువు దిగాలి కదా, దిగలేదు. ఇంకేదో మిగిలిపోయింది, అదేమిటో నాకు తెలుస్తూనే ఉంది, అడగడానికే ధైర్యం చాలడం లేదు.

గైడమ్మ షెడ్డు పక్కన అరుగు తుడిచి క్యారేజీ విప్పింది. పులిహోర, వంకాయ కూర, పెరుగన్నం. మీకు పడుతుందో లేదోనని ఉల్లిపాయ వెయ్యలేదండి అంది. ఆకులో పెట్టిచ్చింది. నేను మెతుకులు కెలుకుతూ కూర్చున్నాను. వాన తెరిపిచ్చింది. కొండ మీంచి దిగేవాళ్లు చెప్పులు వెతుక్కుంటున్నారు.

"భయపడిందాండి?" అని అడిగాను.

గైడమ్మ చేతిలో ముద్ద ఆగింది.

"భయపడ్డారండి. ఆ గోడ మీద కూర్చుని చాలాసేపు ఏడిచారండి. నా చెయ్యి వదల్లేదండి. ఇంత భయం లోపల పెట్టుకోకండి, అక్కగారున్నారు కదా, ఆవిడతో చెప్పుకోండి అన్నానండి."

"ఏమంది?"

"అక్కకి చెబితే కోప్పడుతుందండి, అన్నారు."

నన్ను నొప్పించాలని ఆవిడ ఆ మాట అనలేదు. అడిగాను కాబట్టి చెప్పింది. చెప్పాక నా ఆకులో ఇంకాస్త పెరుగన్నం వేసింది. లేదండీ, అలాంటి మాటకి నేనెందుకు కోప్పడతాను, నా చెల్లెలు కదా అనబోయాను. ఆ గోడ మీద తన పక్కన నేను కూర్చుని ఉంటే ఏమనేదాన్నో నాకు తెలుసు. ఛ, నోర్ముయ్, ఏంటా పిచ్చి మాటలు, లే, ఇంకా పది స్థలాలున్నాయి అనేదాన్ని.

"కోప్పడేదాన్నేనండి" అన్నాను.